వెంచరుకు నీళ్లు తెచ్చుకునే విధానం

పల్లె పక్కన విల్లాలు కట్టదలచినవాళ్లు చేసే మొదటి పొరపాటు, స్థలం కొనేముందు నీళ్లెక్కడని అడగడం. అడగకండి. ముందు కమాను కట్టండి, దారికి అటూ ఇటూ రాయల్ పామ్ చెట్లు దించండి, బ్రోచర్‌లో నీలం రంగు ధారాళంగా పోయించండి. నీళ్లు ఊళ్లో ఉంటాయి. ఊరు ఎక్కడికీ పోదు.

జాగా మాత్రం హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు అవతల చూసుకోండి. చెరువు కబ్జాలు కూల్చడానికి 2024లో వచ్చిన హైడ్రా పరిధి ఆ రోడ్డు దాకానే. కొనేవాళ్లను చెరువు అలుగు పోసే రోజుల్లోనే ఆదివారం బస్సెక్కించి, బిర్యానీ పెట్టి చూపించాలి. ఏప్రిల్‌లో సైటు చూస్తామనేవాళ్లు ఎలాగూ కొనరు.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత. దాన్ని మే నెలలో గీయించండి. చెరువు పది హెక్టార్లూ ఆపైన ఉంటే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్లు వదలమంటాయి 2012 నాటి భవన నిబంధనలు. కాబట్టి ముందు చెరువును కాస్త చిన్నది చేయండి. మిగిలే 21 మీటర్ల ముందు టిప్పర్ల మట్టి ఖర్చు ఓ లెక్కా?

అసలు పని కాల్వ దగ్గరుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది. ఆ రెంటి నడుమ కాల్వ ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిపోయి, సర్కారు తుమ్మ పెరిగి, ఎవరికీ పట్టనట్టుంటుంది. వరుసగా రెండు సెలవులొచ్చినప్పుడు రాత్రికి రాత్రి జేసీబీ పెట్టి చదును చేయండి. పైనుంచి వచ్చే నీళ్లను క్లబ్‌హౌస్ వెనక గుంటలోకి మళ్లించి ‘లేక్’ అని బోర్డు పెట్టండి. కింద ఊరి చెరువు ఎండుతుంది కదా, అది ఫేజ్-2. గ్రామ నక్షాలో కాల్వ గీత ఉందే అంటారా? జిరాక్స్‌కు జిరాక్స్ తీయించండి, మూడో కాపీకల్లా గీత ఉండదు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో చెరువుల కింది కాలనీలు మునిగాయని ఎవరైనా దెప్పితే కంగారుపడకండి. అలాంటి వాన వచ్చేనాటికి మీ ప్లాట్లన్నీ రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటాయి.

ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదంటుంది 2002 నాటి వాల్టా చట్టం. మీటర్లు కొలిచేటప్పుడు టేపు తిన్నగా లాగకండి. రోడ్డు వెంబడి, బస్టాండు చుట్టూ తిప్పి కొలవండి.

గ్రామసభను నాట్ల రోజుల్లో, పొద్దున పదకొండింటికి పెట్టించండి. అయినా ఆడవాళ్లు వస్తారు, బిందెలు మోసేది వాళ్లే కనుక. మీ వెంచరులో కట్టే ఈత కొలను సంగతి ఎత్తుతారు. ఇరవై మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు అంటే 3 లక్షల లీటర్లు. మిషన్ భగీరథ పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క వేసింది, అంటే 3 వేల మందికి ఒక రోజు నీళ్లు. ఈ గుణకారం బడిపిల్లలకూ వచ్చు, అందుకని లీటర్లలో మాట్లాడొద్దు. టీఎంసీల్లో చెప్పండి. 0.00001 టీఎంసీ. ఇంతోటి దానికి గొడవెందుకమ్మా అని నవ్వండి.

“మా బోర్లు ఎండితే ఎట్ల సారూ?” అంటారు. ట్యాంకర్ పంపుతామనండి. “ఆ ట్యాంకర్ ఏడ నింపుతరు?” అని వెనక వరసలోంచి ఒక ముసలమ్మ అడుగుతుంది. ఏ ఊళ్లోనైనా అడుగుతుంది. జవాబు కోసం వెతుక్కోవద్దు, బొడ్రాయి పండుగకు చందా ప్రకటించండి.

నష్టం లెక్క కట్టేటప్పుడు పట్టా ఉన్నవాళ్లనే పిలవండి. భూమి రేటు పెరుగుతుందంటే వాళ్లలో సగంమంది మీ వైపు వస్తారు. కౌలుకు నాటేవాళ్లు, చేపల సొసైటీవాళ్లు, చెరువులో బట్టలుతికేవాళ్లు, గొర్లకు నీళ్లు తాపేవాళ్లు – వీళ్లకు పాసుబుక్కే లేదు, ఇక పోయేదేముంది? ఈ వ్యాపారంలో అన్నిటికన్నా బాగా పనిచేసే అబద్ధం ఇదే. చెప్పేవాళ్లలో చాలామందికి ఇది అబద్ధమని కూడా తోచదు.

చివరగా నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారాలో తండ్రి దగ్గర నేర్చుకున్న మనిషి. ఎదిరించేవాళ్లు ముందు అతన్నే సాక్ష్యానికి తెస్తారు, కనుక మీరే ముందు యూనిఫాం కుట్టించి గేటు దగ్గర నిలబెట్టండి. అయితే ఒక చిక్కుంది. ప్లాటు కొనడానికి వచ్చినవాళ్లు కారు అద్దం దించి “తాతా, ఇక్కడ నీళ్లెలా ఉంటాయి?” అంటే, “ఎండకాలం రా బిడ్డా, సూపిస్త” అంటాడు. రాత్రి డ్యూటీ వేయండి. ఆ వేళ ట్యాంకర్లవాళ్లు తప్ప ఎవరూ రారు.