ఎలుకలకు ఎప్పుడో నయమైంది

అల్జీమర్స్‌కు మందు దొరికిందన్న వార్త మీరు చదివే ఉంటారు. ఎన్నిసార్లు చదివారో గుర్తు రావడం లేదా? కంగారు పడకండి, అది జబ్బు లక్షణం కాదు. ఆ వార్త అన్నిసార్లు వచ్చింది. ఒకసారి కాఫీ, ఇంకోసారి గ్రీన్ టీ, ఆ తర్వాత దానిమ్మ రసం, అక్రోట్లు, దాల్చినచెక్క. తినేవీ తాగేవీ అయిపోయాక మిణుకుమిణుకుమనే దీపం, చెవికి వినబడని అల్ట్రాసౌండ్ తరంగాలు. ప్రతిసారీ అదే అలంకారం. పైన ‘మతిమరుపుకు చెల్లుచీటీ’ అని బారెడు శీర్షిక, పక్కన నీలిరంగులో వెలిగిపోయే మెదడు బొమ్మ, కింద విదేశీ శాస్త్రవేత్తల ఘనత. నయమైంది ఎవరికో తెలియాలంటే మాత్రం చివరి పేరాదాకా ఓపిక పట్టాలి. మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటనకు పోగా మిగిలిన ఇరుకులో ఆ రోగి దొరుకుతాడు. నాలుగు కాళ్లు, మీసాలు, తోక.

కొండను తవ్వి ఎలుకను పట్టారని పూర్వం ఎగతాళి చేసేవారు. మన ఆరోగ్య పేజీల పనితనం అంతకంటే గొప్పది. చేతికి దొరికిన ఎలుకను కొండంత చేసి చూపిస్తున్నాయి.

ఇంతకీ ఆ ఎలుకగారి జబ్బు సంగతి కొంచెం చెప్పుకోవాలి. మామూలు ఎలుకకు అల్జీమర్స్ రాదు. బతికేదే రెండు మూడేళ్లు, మనవల పేర్లు మరిచిపోయే అవకాశం దానికి ఎక్కడిది? అందుకని జబ్బును మనమే తెప్పించాలి. కొన్ని అరుదైన కుటుంబాల్లో నడివయసుకే అల్జీమర్స్ తెచ్చిపెట్టే జన్యులోపాలున్నాయి. మొత్తం రోగుల్లో ఇలాంటివాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. ఆ లోపాలను తెచ్చి ఎలుకకు ఎక్కిస్తారు. ఒకటి చాలదనుకుంటే అయిదు ఎక్కిస్తారు. ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ ముద్దుబిడ్డ అయిన ‘ఫైవ్ ఎక్స్ ఫ్యాడ్’ ఎలుక అలా తయారైందే. వేర్వేరు కుటుంబాల్లో విడివిడిగా దొరికిన అయిదు లోపాలను దాని ఒంట్లో పోగేశారు. దానికి రెండు నెలలు నిండేసరికి మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ గారలా పేరుకుంటుంది.

ఇక మన ఇంట్లో పెద్దాయన సంగతి చూడండి. డెబ్భై ఏళ్లు పైబడ్డాయి. ఇరవై ఏళ్ల బీపీ, పదిహేనేళ్ల షుగరు, ఎవరూ గుర్తించని ఒక చిన్న పక్షవాతం, సగం పోయిన వినికిడి, భార్య పోయిన దిగులు. వీటన్నిటి మధ్య మెల్లగా ముదిరిన జబ్బు ఆయనది. పాలు మరిచి నెల దాటిన చిట్టెలుకకు ఎక్కించిన జన్యువులతో మొదలైన జబ్బు ఇంకొకటి. రెంటికీ పేరు ఒకటే పెట్టుకున్నాం కాబట్టి మందు కూడా ఒకటే అని తీర్మానించేసుకున్నాం.

జబ్బు తగ్గిందని ఎలా తెలుస్తుందంటారా? అది ఇంకా ముచ్చటైన కథ. రిచర్డ్ మోరిస్ అనే శాస్త్రవేత్త 1981లో ఒక పరీక్ష కనిపెట్టాడు. గుండ్రటి తొట్టినిండా నీళ్లు పోసి, పాలపొడో తెల్లరంగో కలిపి అడుగు కనబడకుండా చేస్తారు. నీటి అంచుకు కాస్త కింద ఒకచోట చిన్న అరుగు దాచిపెడతారు. ఎలుకను అందులో వదులుతారు. పాపం అది ప్రాణభయంతో ఈదుతూ ఆ అరుగు ఎక్కడుందో కనుక్కోవాలి. రోజురోజుకూ తొందరగా కనుక్కుంటే జ్ఞాపకశక్తి ఉన్నట్టు, తొట్టి చుట్టూ తిరుగుతూ ఉంటే పోయినట్టు. మందు వేశాక ఒకప్పుడు నలభై సెకన్లకు చేరే అరుగును పాతికకే చేరిందనుకోండి, మర్నాడు పొద్దున్న మన చేతిలో పేపరు: ‘తిరిగొచ్చిన జ్ఞాపకాలు!’ తాళంచెవి ఎక్కడ పెట్టిందో మరిచిన ముసలావిడకూ, కొడుకుని పట్టుకుని “ఎవరు బాబూ నువ్వు” అని అడిగే పెద్దాయనకూ ఇందులో ఊరట ఏమిటో తొట్టిలోని ఎలుకే చెప్పాలి. పేపరు కత్తిరింపు పట్టుకుని “ఈ మందు మనకెప్పుడొస్తుందండీ” అంటూ వచ్చే కొడుకులను న్యూరాలజిస్టులు నిజానికి ఒక్క ప్రశ్న అడగాలి. మీ నాన్నగారికి ఈత వచ్చా?

తప్పు ఎలుకది కాదు, ప్రయోగం చేసినవాళ్లది కూడా చాలాసార్లు కాదు. ఎలుక లేకుండా మెదడు గురించి మనకు తెలిసినదాంట్లో సగం తెలిసేది కాదు. ఎలుక మీద చేసిన పనిని ఎలుక మీద చేసిన పని అని చెప్పినంతకాలం అది మంచి విజ్ఞానమే. ఆ ముక్క రాలిపోయాకే అది గారడీ అవుతుంది.

రాలిపోతే ఏమవుతుందో చూసినవాళ్లున్నారు. 1999లో ఎలుకలకు అల్జీమర్స్ టీకా వేశారు. గార పేరుకోకుండా ఆగింది, పేరుకున్నది తగ్గింది. ఎలుక లోకంలో దీపావళి. అదే టీకాను మనుషులకు వేయడం మొదలుపెట్టారు. వేసుకున్నవాళ్లలో నూటికి ఆరుగురికి మెదడువాపు రావడంతో 2002 జనవరిలో ప్రయోగం ఆపేశారు. అక్కడితో కథ అయిపోలేదు. ఆ టీకా వేసుకున్నవాళ్లలో కొందరు చనిపోయాక వాళ్ల మెదళ్లు పరీక్షించిన ఫలితాలు 2008లో వచ్చాయి. కొందరి మెదడులో గార దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అంటే టీకా పనిచేసింది. అయినా వాళ్లు ఆ జబ్బు ఆఖరి దశకు చేరాకే పోయారు. గార పోయింది, మతి తిరిగి రాలేదు. ఈ వార్తను మొదటి వార్తంత పెద్ద అక్షరాల్లో వేసిన పేపరు నా కంటపడలేదు.

బెక్సరోటిన్ కథ ఇంకా వేగంగా నడిచింది. అది చర్మానికి వచ్చే ఒకరకం లింఫోమాకు వాడే మందు. క్లీవ్‌లాండ్ పరిశోధకులు ఎలుకలకు ఇచ్చిచూస్తే 72 గంటల్లో గార సగానికి పైగా తగ్గిందని 2012లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. మూడు రోజులు! మనకు జలుబు తగ్గడానికే వారం పడుతుంది. మందు అప్పటికే దుకాణాల్లో ఉన్నదాయె, ఇక ఆగడమెందుకని ఎందరికి అనిపించి ఉంటుందో ఊహించుకోండి. 2013లో అదే పత్రికలో వేరే ప్రయోగశాలలవాళ్లు రాశారు, మేమూ చేసి చూశాం, గార తగ్గలేదని. తర్వాత కొద్దిమంది రోగులతో ఒక చిన్న పరీక్ష జరిగింది. వాళ్ల మెదడుకు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు, రక్తంలో కొవ్వు మాత్రం పెరిగింది.

2002 నుంచి 2012 దాకా అల్జీమర్స్ మందుల మీద నమోదైన 413 మానవ ప్రయోగాలను లెక్కవేసి చూశారు. పరీక్షకు వచ్చిన మందులు 244. అనుమతి దొరికింది ఒక్కదానికి. నూటికి 99.6 పాళ్లు వైఫల్యం. ఇందులో చాలా మందులు ఎలుక దగ్గర ఫస్టు క్లాసులో పాసై వచ్చినవే. ఇంటరులో ర్యాంకులన్నీ మావేనని హోర్డింగులు కట్టే మన కార్పొరేట్ కాలేజీలు కూడా ఇలాంటి ఫలితాలు వస్తే బోర్డు తిప్పేసేవి.

గార తగ్గితే చాలు, మనిషి సంగతి తర్వాత చూద్దామనే వరస ఎంత దూరం పోయిందంటే, 2021 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అడ్యుకానుమాబ్ అనే మందును ఆ ప్రాతిపదిక మీదే ఆమోదించింది. అంతకు ఏడు నెలల ముందు సొంత సలహా సంఘాన్ని అడిగితే, ఈ ఆధారం సరిపోతుందా అన్న కీలక ప్రశ్నకు ఒక్కరూ ఔనని చెప్పలేదు. ఆమోదం వచ్చాక ముగ్గురు సభ్యులు రాజీనామా చేశారు. ఏడాదికి ఖర్చు 56 వేల డాలర్లన్నారు, తర్వాత సగానికి దించారు. 2024 జనవరిలో తయారీ సంస్థే ఇక అమ్మబోమని చెప్పింది. దాని వెనక వచ్చిన లెకనెమాబ్ కొంత నయం. పద్దెనిమిది నెలల్లో జబ్బు ముదిరే వేగాన్ని 27 శాతం తగ్గించింది. వినడానికి బాగుంది కదా? పద్దెనిమిది పాయింట్ల కొలబద్ద మీద ఆ తేడా 0.45. అంటే అర పాయింటు కంటే తక్కువ. దానికి కూడా మెదడు వాపు, రక్తస్రావం కోసం ఎమ్మారై తీస్తూ ఉండాలి.

మరి ఎలుకను దాచేది ఎవరు? పాపమంతా సబ్ ఎడిటర్ నెత్తినే రుద్దితే అన్యాయం. ‘ప్లాస్ బయాలజీ’ పత్రికలో 2021లో వచ్చిన ఒక అధ్యయనం ఈ దారిని పట్టి చూసింది. పరిశోధకులే తమ వ్యాసం పేరులో ఎలుక మాట ఎత్తకపోతే, వార్తల్లో కూడా అది మాయమవుతోంది. పైగా అలాంటి వ్యాసాలకే సోషల్ మీడియాలో ప్రచారం ఎక్కువ. ఎలుక పేరు చెబితే లైకులు రాలవని అందరికీ తెలుసు. జేమ్స్ హీథర్స్ అనే శాస్త్రవేత్త 2019లో ట్విట్టర్‌లో ఒక ఖాతా తెరిచి, ఇలాంటి వార్త ఏది కనబడినా దాని కింద ‘ఎలుకల్లో’ అని ఒక్క మాట తగిలించడం మొదలుపెట్టాడు. అంతకుమించి ఏమీ రాయలేదు. వేలమంది వెంటపడ్డారు. అలాంటి పుణ్యాత్ముడు తెలుగులో ఒక్కడుంటే మన ఆదివారం అనుబంధాలు సగం ఖాళీ అయ్యేవి.

మనవాళ్లు అంత సులభంగా లొంగరులెండి. వాళ్ల ఎలుకకు వాళ్ల మందు ఉంటే మన ఎలుకకు మన పసుపు ఉంది. ‘భారతీయులకు అల్జీమర్స్ ఎందుకు రాదో తెలుసా?’ అని మొదలయ్యే వాట్సాప్ సందేశం మీ బాబాయో పెద్దనాన్నో పంపే ఉంటారు. మన కూరలో పసుపు ఉందట, అందుకని రాదట. ఈ ధీమాకు మూలాలు రెండు. 2001లో కాలిఫోర్నియాలో ఎలుకలకు పసుపులోని కర్‌క్యుమిన్ పెడితే గార తగ్గింది (అవును, మళ్లీ ఎలుకగారే). అదే ఏడాది హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల మీద ఒక అధ్యయనం వచ్చింది. అక్కడి వృద్ధుల్లో కొత్తగా అల్జీమర్స్ వచ్చేవాళ్లు అమెరికాలో పెన్సిల్వేనియా వృద్ధులతో పోలిస్తే చాలా తక్కువని తేలింది. ఆ ఇళ్లలో కూరకు ఎంత పసుపు వేస్తారో ఆ అధ్యయనం తూచలేదు. తూచే పని మనమే చేసేసి లెక్క సరిచేసుకున్నాం.

పసుపులో కర్‌క్యుమిన్ ఉండేది నూటికి మూడు పాళ్లు. అదీ ఒంటికి పట్టదు, వచ్చినదారినే పోతుంది. అమెరికాలో 36 మంది రోగులతో 24 వారాలు పరీక్షించారు, కొందరికి రోజుకు నాలుగు గ్రాముల దాకా కర్‌క్యుమిన్ ఇచ్చారు. ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్లకూ వీళ్లకూ తేడా కనబడలేదని 2012లో రాశారు. నాలుగు గ్రాముల కర్‌క్యుమిన్ కావాలంటే పసుపు రోజుకు నూట ముప్పై గ్రాములు తినాలి. పెళ్లికొడుకును చేసినప్పుడు ఒళ్లంతా పూసేంత. చారులో చిటికెడు వేసి, మెదడుకు బీమా కట్టామనుకునేవాళ్లకు ఈ లెక్క చెప్పినా ప్రయోజనం లేదు. పసుపే మందయితే ఆర్మూరు రైతుకు, దుగ్గిరాల యార్డులో బస్తాలు మోసే హమాలీకి మతిమరుపు రానేరాకూడదు. వాళ్లు పసుపు తినడమేమిటి, రోజంతా పీల్చుకుని బతుకుతున్నారు. నిజామాబాదులో 2025లో జాతీయ పసుపు బోర్డు పెట్టారు, మంచిదే, రైతుకు ధర వస్తే అంతకన్నా కావలసిందేముంది. న్యూరాలజీ విభాగాన్ని కూడా ఆ బోర్డుకే అప్పగించమని ఎవరూ అడగకపోతే అదే పదివేలు.

మనకు రాదన్నదాని సంగతి కూడా తేలిపోయింది. దేశవ్యాప్తంగా వృద్ధులను పరీక్షించి 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. దాదాపు 88 లక్షల మంది. వీళ్లందరూ పసుపు తిన్నవాళ్లే. వీళ్లలో చాలామంది ఇళ్లలో దీనికి జబ్బన్న పేరే లేదు. చాదస్తం అంటారు, వయసు మీద పడింది అంటారు, కావాలనే సతాయిస్తోందంటారు. పేపర్లో మందు దొరికిందని చదివి మురిసే మనిషే, పక్క గదిలో తల్లి అన్నం తిన్న సంగతి మరిచి మళ్లీ అడిగితే విసుక్కుంటాడు.

ఎలుక సాయం అక్కరలేని కబురు ఒకటి ఉంది, అందుకే కాబోలు ఎవరూ బొమ్మ వేసి అచ్చువేయరు. ‘లాన్సెట్’ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో చెప్పిన ప్రకారం డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వెనక్కి నెట్టడమో సాధ్యమే. అందుకు సరిచేసుకోవాల్సినవి పద్నాలుగు. వాటిలో బీపీ, షుగరు, చెడు కొలెస్టరాల్, పొగ, తలకు దెబ్బ, ఒంటరితనం, సరిచేయని చూపు, సరిచేయని వినికిడి ఉన్నాయి. హెల్మెట్టు, కళ్లద్దాలు, వినికిడి మిషను, రోజువారీ బీపీ బిళ్ల. వీటిని ఏ శాస్త్రవేత్త కనిపెట్టాడని ఫొటో వేస్తారు?

మీ ఇంట్లో పెద్దవాళ్లు మాటలు తడుముకుంటున్నా, తెలిసిన దారే తప్పుతున్నా ముందు డాక్టరుకు చూపించండి. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. దిగులు ఉందేమో అడగండి. ఈ మూడింటి వల్ల వచ్చే మతిమరుపు చాలాసార్లు మందుకు తగ్గుతుంది, అదీ మనుషుల్లో. చెవి వినబడకపోతే మిషను కొనిపెట్టండి, పెట్టుకోనంటే పక్కన కూర్చుని నచ్చజెప్పండి.