పిల్లి ఆబగా తింటోందా? ముందు మీ ఇంటి వేళలు మార్చండి

గిన్నె పెట్టిన నిమిషంలో ఖాళీ చేసి, కాసేపటికే గుమ్మంలో తిన్నదంతా కక్కేసిందంటే చాలామంది పిల్లిని కసురుతారు. కొందరు ‘పాపం ఆకలి’ అని ఇంకో గుప్పెడు వేస్తారు. రెండూ తప్పే. తప్పు పిల్లిది కాదు. రోజుకి రెండుసార్లు గిన్నె నింపి పని అయిపోయిందనుకునే ఇంటిది. అందుకే ఈ చిట్కాలన్నీ పిల్లికి కాదు, ఇంట్లోవాళ్ళకి.

పిల్లికి 30 పళ్ళుంటాయి గానీ, నమిలి మెత్తగా చేసే పన్ను ఒక్కటీ లేదు. దవడ కిందికీ పైకీ తప్ప పక్కలకి ఆడదు. కొరకడం, మింగడం, అంతే దానికి తెలిసింది. ఇక కడుపు సంగతి. ఒక చుంచెలుకలో సుమారు 30 కెలోరీలుంటాయి. నాలుగు కిలోల పిల్లికి రోజుకి 200 నుంచి 250 కెలోరీలు కావాలి. లెక్క వేయండి, ఎనిమిది చుంచెలుకలు. అంటే ఎనిమిది పూటలు. దాన్ని రెండు పూటలకి కుదించి, ‘ఎందుకంత తొందర’ అని అడిగే హక్కు మనకి లేదు.

కాబట్టి ఎనిమిది పూటలు పెట్టండి. తిండి పెంచమని కాదు, ఉన్నదాన్నే పంచమని. డ్రై ఫుడ్ 100 గ్రాముల్లో 350 నుంచి 400 కెలోరీలుంటాయి కనుక రోజుకి 60 గ్రాములు సరిపోతాయి. పూటకి ఏడెనిమిది గ్రాములు. పిల్లి వేటకి బయల్దేరేది చీకటి పడేవేళ, తెల్లవారుజామున. అందుచేత రాత్రి పదకొండుకి ఒకటి, రెండున్నరకి ఒకటి, ఐదింటికి ఒకటి తప్పనిసరి. ఇంట్లో నలుగురుంటే తలా రెండు పూటలు. పెద్దవాళ్ళకి ఎలాగూ తెల్లవారుజామునే మెలకువ వస్తుంది, ఐదింటి పూట వాళ్ళకివ్వండి. పరీక్షలకి చదివే పిల్లలకి రెండున్నరది. పెళ్ళిళ్ళకి అందరూ కలిసి వెళ్ళకండి. భోజనాలకి ఇద్దరు, తలంబ్రాలకి ఇద్దరు. బంధువులు ఏమైనా అంటే కారణం ఉన్నదున్నట్టు చెప్పండి. వేళకి మూత తెరుచుకునే యంత్రాలు దొరుకుతున్నాయి గానీ, పిల్లి ఎలా తిన్నదో అవి చూడవు. చూడడమే సగం వైద్యం.

ఇక గిన్నె తీసేయండి. పిల్లి నిదానించడానికి మన వంటింట్లో ఎప్పటినుంచో ఉన్న వస్తువు గుంట పొంగణాల పెనం. ఏడు గుంటలది చాలు. గుంటకి మూడు నాలుగు గింజల చొప్పున వేసి నేల మీద పెట్టండి. మొదట మూతి దూరుస్తుంది, గింజ గుంట అడుగుకి జారిపోతుంది. అప్పుడు ముందు పాదం దించి, గోరుతో గింజని అంచుదాకా గీకి, నాలుకతో అందుకుంటుంది. ఒక గింజ కరకరమన్నాక రెండోదానికి మధ్య విరామం వినబడుతుంది. మనకి కావలసింది ఆ విరామమే. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ఉల్లి ముక్కల పిండి పోసే పెనాన్ని అటు మనకీ ఇటు దానికీ వాడకూడదు. ఇంట్లో ఒక్కటే ఉంటే శుభ్రంగా తోమి పిల్లికే ఇచ్చేయండి. పొంగణాల పిండితో మనం దోసెలు పోసుకోవచ్చు. తడి ఆహారమైతే పెనం కన్నా వెడల్పాటి పళ్ళెం నయం, పల్చగా రాయండి.

తినే పావుగంటా ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. బెదిరిన పిల్లి గబగబా మింగి పారిపోవాలని చూస్తుంది. ఆ సమయంలో మిక్సీ వేయకండి, కుక్కర్ పెట్టకండి, తలుపు కొట్టినా లేవకండి. టిఫిన్ ఆలస్యమైతే ఆఫీసుకి చద్దన్నం కట్టుకుని వెళ్ళండి.

రెండు పిల్లులుంటే రెండు గదులు, మధ్యలో మూసిన తలుపు. పక్కది లాక్కుంటుందన్న భయం ఉన్నంతకాలం ఏ పెనమూ పనిచేయదు. రెండు పడకగదుల ఇంట్లో ఇది కష్టమే. మూడో పిల్లి వస్తే పెద్ద ఇల్లు చూసుకోవాలి.

బుద్ధి వస్తుందని కడుపు మాడ్చకండి. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. కక్కింది కదా అని పాలు పట్టకండి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి.

తిన్న వెంటనే అరగని గింజలు గొట్టంలా బయటికి వస్తే ఆత్రం వల్లే అనుకోవచ్చు. ఆత్రంగా తింటూనే చిక్కిపోతుంటే మాత్రం పెనాలతో కాలయాపన వద్దు. పిల్లకూనలకి కడుపులో పాములుండొచ్చు. పదేళ్ళు దాటినదానికి థైరాయిడ్, నీళ్ళు ఎక్కువగా తాగుతుంటే మధుమేహం కావచ్చు. వాంతిలో రక్తం కనిపించినా, వాంతులు మాటిమాటికీ అవుతున్నా ఆరోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి.

మిగతావన్నీ ఇంట్లో అయ్యే పనులే. ఈ రాత్రి పడుకోబోయే ముందు ఎవరి వంతు ఎన్నింటికో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. రెండున్నరకి అలారం పెట్టడం మరవకండి.