రైతు చేతికిచ్చే కాగితం

మా రోజుల్లో గుంటూరు మిర్చి కొట్టులో గుమాస్తాగా చేరాలంటే ముందు చేతిరాత బాగుండాలి. నాలుగు వరసలు రాయించి చూసిగానీ షావుకారు పనిలో పెట్టుకునేవాడు కాదు. ఎందుకంటే సరుకు అమ్మాక ఇచ్చే లెక్క కాగితం, అదే పట్టీ, చదువుకోవాల్సింది రైతు. ఎన్ని టిక్కీలు (బస్తాలు), నికరంగా ఎంత తూగింది, క్వింటా ధరెంత, కమీషన్, హమాలీ, కాటా కూలి పోను చేతికొచ్చేదెంత అన్నీ తెలుగులో, కింద కార్బన్ పెట్టి నొక్కి రాసేవాళ్లం. అద్దంకి నుంచో సత్తెనపల్లి నుంచో వచ్చిన రైతు ఆ కాగితం పట్టుకుని చెట్టు నీడన కూర్చుని, పద్దులన్నీ వేళ్ల మీద కూడుకునేవాడు. తేడా వస్తే ఊరి బస్సెక్కకముందే వచ్చి నిలదీసేవాడు. పట్టీ ఉన్నదే అందుకు.

ఆ తర్వాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు వచ్చాయి. తొమ్మిది సూదులు రిబ్బను మీద టకటకా కొడుతుంటే కొట్టంతా గోల. ఆ గోలని నేనెప్పుడూ తప్పు పట్టలేదు. సూది దెబ్బ అడుగు కాగితం దాకా దిగుతుంది కాబట్టి ఒక్క దెబ్బకే మూడు కాపీలు వచ్చేవి. తప్పల్లా ఆ యంత్రం కడుపులో ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ఉండటం. తెలుగు కావాలంటే అక్షరాన్ని బొమ్మలాగా చుక్కచుక్కా కొట్టించాలి, దానికి చాలాసేపు పడుతుంది. బండ్లు బారులు తీరిన సీజన్లో అంత తీరిక ఎవరికుంది? దాంతో పట్టీ మీద ‘గ్రాస్’, ‘నెట్’, ‘డిడక్షన్స్’ వచ్చి కూర్చున్నాయి. తన లెక్క తానే చూసుకున్న రైతు, ఆ కాగితం చదివి పెట్టమని బడికెళ్లే కొడుకుని అడగాల్సి వచ్చింది.

సరే, అప్పుడు యంత్రానికి చేతకాలేదు. మరి ఇప్పుడో? 1984లో హెచ్‌పీ లేజర్‌జెట్ వచ్చింది, తర్వాత ఆ రకం ప్రింటర్లు మన ఆఫీసుల్లోకీ దిగాయి. 1991లో యూనికోడ్‌లో తెలుగుకి చోటు దొరికింది. ఈనాటి లేజర్ ప్రింటరుకి తెలుగైనా ఇంగ్లీషైనా పుట మీద చుక్కలే, ఒకటే వేగం. పెళ్లి శుభలేఖ ముత్యాల్లాంటి తెలుగులో దిగుతుంది. ఏడాది కష్టానికి లెక్క చెప్పే కాగితం మాత్రం ఇంకా ఇంగ్లీషులోనే చేతికిస్తున్నారు. ఇది నాకు మింగుడుపడదు.

ఇళ్లలో కొనే ఇంక్‌జెట్ల సంగతీ చెప్పాలి. యంత్రం చవక, కార్ట్రిడ్జి ఖరీదు. సిరా చిమ్మే రంధ్రాలు వెంట్రుకకన్నా సన్నం. రోహిణీ కార్తెలో కొన్నాళ్లు ముట్టుకోకపోతే సిరా ఎండి పూడుకుపోతాయి, వాటిని కడగడానికి మళ్లీ ఆ సిరానే తాగుతుంది. ట్యాంకు ప్రింటర్లు వచ్చాక ఖర్చు తగ్గిన మాట నిజమే. కానీ మామూలు రంగు సిరాతో తీసిన కాగితం మీద చెమట చెయ్యి పడితే అలుక్కుపోతుంది. లేజర్లో అయితే టోనర్ పొడి వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది, తడిసినా చెదరదు. దాచుకోవలసిన కాగితానికి అదే మేలు.

అన్నిటికన్నా నాకు కడుపుమంట తెప్పించేది విత్తనాల కొట్లో, పురుగుమందుల కొట్లో ఇచ్చే జానెడు థర్మల్ చీటీ. దానికి సిరా లేదు, రిబ్బను లేదు. కాగితానికి పూసిన మందు వేడి తగిలిన చోట నల్లబడుతుంది, అంతే. ఎండలో పెట్టినా, నూనె చెయ్యి తగిలినా, కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్లలో ఉంచినా ఆ అక్షరాలు వెలిసిపోతాయి. మన రైతు బిల్లు దాచేదెక్కడ? పాసుపుస్తకంతో పాటు ప్లాస్టిక్ కవర్లో! ఏడాది తిరక్కముందే తెల్లకాగితమైపోయిన బిల్లులు నేను చూశాను.

మిరప మొక్క ఏపుగా పెరిగి కాయ పట్టకపోతే, పత్తి చేలో పూత నిలవకపోతే, రైతు దగ్గరుండే సాక్ష్యం లాట్ నంబరున్న ఆ బిల్లే. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో జాతీయ విత్తనాల సంస్థ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫిర్యాదుకి చట్టం రెండేళ్ల గడువిచ్చింది. గడువు రెండేళ్లూ ఉండి కాగితం మీద అక్షరం లేకపోతే రైతు ఏం చూపించి గెలవాలి?

మళ్లీ కార్బన్ పెట్టి చేత్తో రాయమని నేననను. ఎంత మంచి ప్రింటరైనా కొనండి. పట్టీ, కోల్డ్ స్టోరేజీ బాండు, విత్తనాల బిల్లు తెలుగులో ఉండాలి, చెరగని అచ్చులో ఉండాలి. యార్డు కమిటీ, వ్యవసాయ శాఖ ఈ రెండు షరతులు పెడితే చాలు, ఒక్క సీజన్లో అందరూ దారికొస్తారు. అందాకా రైతులకి నా మాట ఒక్కటే: థర్మల్ చీటీ ఇస్తే ఆ రోజే జిరాక్సు తీయించి, దాని మీద కొట్టు సంతకం, ముద్ర వేయించుకున్నాకే బస్సెక్కండి.