పాలు పొంగిన రోజే పాట పెట్టండి

2025 జనవరి 3న ఢిల్లీలో ఆర్థిక సేవల విభాగం కార్యదర్శి నాగరాజు గారు బ్యాంక్‌నెట్ అనే వేలం పోర్టల్‌ను కొత్తగా ముస్తాబు చేసి జనం మీదికి వదిలారు కదా. ప్రభుత్వ బ్యాంకులు వేలానికి పెట్టే ఆస్తులు 1,22,500 పైచిలుకు దాంట్లోకి చేరాయిట. ఫ్లాట్లు, విడి ఇళ్లు, ఖాళీ స్థలాలు, షాపులు, మిషన్లు, బళ్లు అన్నీ ఒకేచోట. 2019 డిసెంబరులో నిర్మలా సీతారామన్ గారు ప్రారంభించిన ఈ-బిక్రయ్‌కి ఇది పెద్దన్న. వేలానికి ముందు, వేలం వేళ, వేలం తరవాత, కొనేవాడి ప్రయాణమంతా గడప దాటకుండా అయిపోతుందని సెలవిచ్చారు.

చదవగానే నాకు ఒళ్లు మండింది. ఇంత ఆలస్యమా అని.

ఇల్లు ఆ జాబితాకెక్కేసరికి ఎంత కాలం దండగైపోతోందో లెక్క చూడండి. వాయిదా తప్పి 90 రోజులు దాటితే గానీ బ్యాంకు దాన్ని మొండి బాకీ అనదు. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు. ఆపైన స్వాధీనం చేసుకున్నామని గోడకి కాగితం అంటించాలి, రెండు పేపర్లలో వేయించాలి. ఆ తరవాత వేలానికి మళ్లీ 30 రోజుల గడువు. ఏ అడ్డూ రాకపోయినా ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో ఇంటికి సున్నం వేయించే నాథుడుండడు. కారే పంపు కారుతూనే ఉంటుంది. పెట్టుబడి పెడదామని ఉత్సాహంగా వచ్చినవాడికి చివరికి మిగిలేదేమిటి? బిలాస్‌పూర్ బుధవారీ బజారుకి రాత్రి ఎనిమిదింటికి వెళ్లి పుచ్చు వంకాయలు ఏరుకునేవాడికీ ఇతనికీ తేడా ఏముంది?

అందుకని నా మనవి. పెట్టుబడిదారుని వేలానికి కాదు, గృహప్రవేశానికే పిలవండి. పాలు పొంగిన రోజే పాట పెట్టండి.

ఈ పథకాన్ని ఛత్తీస్‌గఢ్‌లోని మా గతౌరాలో మొదలుపెట్టడం అన్ని విధాలా శ్రేయస్కరం. బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు పోయే లైన్లో పక్క స్టేషను మాది. సీపత్ ఎన్‌టీపీసీకి చీలిపోయే సైడింగు ఇక్కడిదే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చి ఈ పట్టాల పక్కనే పిల్లల్ని కని, పెంచి, పెళ్లిళ్లు చేసినవాళ్లు బిలాస్‌పూర్ చుట్టుపక్కల కొల్లలు. వాళ్లకి ముప్ఫై ఐదేళ్లూ రైల్వే క్వార్టరే లోకం. రిటైరయ్యాక కొన్ని నెలలు ఉండనిస్తారు, తరవాత తాళం అప్పజెప్పాలి. సొంతూళ్లో వాటా అన్నదమ్ములు ఎప్పుడో కలిపేసుకున్నారు. అందుకని చేతికొచ్చిన డబ్బు సగం కూతురి పెళ్లికి పోగా, మిగిలినదానికి కొడుకు పేర బ్యాంకు లోను కలిపి, ఊరవతల చవగ్గా దొరికిన స్థలంలో మూడు గదులు వేస్తారు. కొడుక్కి ఏ కాంట్రాక్టరు దగ్గరో పని. ఆ కాంట్రాక్టు ఎన్నాళ్లుంటుందో కాంట్రాక్టరుకే తెలీదు. రేపటి జాబితాకి ఇంతకన్నా మేలురకం నారుమడి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

ముహూర్తం తెల్లవారుజామున అనుకోండి. మామిడి తోరణాలు కట్టారు, ఆవు ముందు నడిచింది, పాలు పొంగాయి. అప్పుడు మనవాడు దిగుతాడు, చేతిలో టేపుతో. ఇంటాయన, రిటైరైన గార్డుగారు, ఎదురెళతారు. బిలాస్‌పూర్‌లోనే తల నెరిసినా నోట్లో శ్రీకాకుళం పోలేదు.

“రండి బాబూ, రండి, కూకోండి. తమరు ఎవరి తాలూకా?”

“బ్యాంకు తరవాతి తాలూకా అండీ బాబాయిగారూ. హైదరాబాదు నుంచి. మీ ఇల్లు వేలానికొచ్చినప్పుడు పాడుకుందామని.”

“అయ్యో, అంత దూరం నుంచి వచ్చీసినారా! ఒసే, ముందు బాబుకి పులిహోర ఎట్టు.”

“ఈ టేపు అటు చివర కాస్త పట్టుకుంటారా?”

“ఇటివ్వు బాబూ. ఇది చిన్న గది. ఇందులో మా మనవరాలు సదువుకుంటాది.”

“అలాగేనండీ, అప్పటిదాకా చదువుకోనివ్వండి. ఈ గోడ కొట్టేస్తే హాలు పెద్దదవుతుంది.”

చూశారా, ఎంత మర్యాదగా జరిగిపోయిందో. ఇప్పటి పద్ధతిలో కొన్నవాడు ఇంటికొస్తే కుక్కని వదులుతారు, పోలీసులు రావాలి, కలెక్టరు ఉత్తర్వు రావాలి. మా పద్ధతిలో అయిదేళ్ల ముందే పులిహోర తిన్న పరిచయం. స్వాధీనం నోటీసు కూడా ఆ రోజే అచ్చు వేయించి, తేదీ మాత్రం ఖాళీ వదిలి, వినాయకుడి పటం వెనక దోపేస్తే బ్యాంకువాళ్లకి మళ్లీ రానుపోను ఖర్చుండదు.

ఏ ఇల్లు ఎప్పుడు పండుతుందో తెలిసేదెలా అంటారా? బ్యాంకులు సిబిల్ స్కోరు పట్టుకుని వేలాడుతున్నాయి. అది జరిగిపోయింది చెబుతుంది. జరగబోయేది చెప్పే పుస్తకం తెలుగువాళ్ల ఇళ్లలో మేకుకి వేలాడుతూనే ఉంటుంది. మన ఉగాది పంచాంగం. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు ఉన్న రాశివాళ్లందరినీ ఒక చోట పోగేయండి. ఏలినాటి శని నడుస్తున్నవాళ్లకి పక్కన నక్షత్రం గుర్తు పెట్టండి. రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు ఉన్నవాడు దొరికాడా, ఇక వెతక్కండి. నోటీసు వచ్చిన సంగతి వాడు పెళ్లానికి కూడా చెప్పడు. కవరు చింపకుండా బీరువాలో చీరల కింద పెడతాడు. 60 రోజులూ పిల్లిలా నడిచి వెళ్లిపోతాయి. అవమానానికి జడిసే మనిషి ఇల్లంత సులువుగా ఏ ఇల్లూ చేతికి రాదు.

పంచాంగం చాలదనుకుంటే మనుషుల్ని పెట్టుకోవాలి. రోజూ లీటరు పోయించుకునే ఇల్లు అరలీటరుకి దిగితే పాలవాడు వెంటనే కబురు పెట్టాలి. ట్యూషన్ మేష్టారుకి రెండు నెలల ఫీజు బాకీ పడితే ఆయన పెట్టాలి. అందరికన్నా నమ్మకస్తుడు మందుల షాపతను. బీపీ మాత్రలు అట్టలకట్టలే తీసుకెళ్లే మనిషి ఒక రోజు కౌంటరు మీదికి వంగి, పక్కవాళ్లకి వినపడకుండా, “నాలుగు కత్తిరించి ఇవ్వు బాబూ” అంటాడు. కత్తెర చప్పుడైన మరుక్షణం హైదరాబాదులో, బెంగుళూరులో, న్యూజెర్సీలో ఫోన్లు టింగుమనాలి: ‘గతౌరా, మూడు గదులు, తూర్పు ముఖం, పక్వానికొస్తోంది.’

కొన్ని జాగ్రత్తలు లేకపోలేదు. తీరా బాకీ 20 శాతం లోపుకి దిగిపోతే సర్ఫేసీ చట్టం ఇంటిని ముట్టుకోనివ్వదు. అంచేత కడుపు మాడ్చుకుని ఠంచనుగా కట్టేసే మొండిఘటాలకి ఆమడ దూరంలో ఉండండి. సాగుభూమి జోలికీ వెళ్లనివ్వదు కాబట్టి, పెరట్లో తోటకూర మడి మరీ విస్తరించకుండా ఓ కన్నేసి ఉంచండి. ఆఖరి నిమిషంలో బావమరిది డబ్బు తెచ్చి పోస్తాడేమోనన్న బెంగ ఒకటి ఉండేది. 2016లో చట్టం సవరించాక, 2023లో సుప్రీంకోర్టు ఖాయం చేశాక అదీ తీరింది. వేలం ప్రకటన పడ్డాక అణాపైసలతో బాకీ మొత్తం తెచ్చినా ఇల్లు విడిపించుకునే హక్కు లేదు. బావమరిది వచ్చిన బండెక్కి వెళ్లిపోవచ్చు.

ఇక ప్రకటనల్లో ఒక అందమైన షరతు ఉంటుంది. ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏమున్నది అదే అని. దీన్ని మనవాళ్లు సగమే వాడుకుంటున్నారు. కారే పంపు, పగిలిన గచ్చు, కట్టని కరెంటు బిల్లు కొనేవాడి నెత్తిన పడేటప్పుడు, ఇంట్లో ఉన్న మనుషులు మాత్రం ఎందుకు పడకూడదు? గార్డుగారికి రాత్రిళ్లు మెలకువగా ఉండటం వృత్తిరీత్యా అలవాటు. జీతం లేని వాచ్‌మన్. అమ్మగారు గేటు ముందు ఊడ్చి ముగ్గేస్తారు, వేసవిలో ఆవకాయ పెడతారు. జాబితాలో మంచి బొమ్మలు వేసి చూపించాలి: రెండు పడకగదులు, ఒక వంటిల్లు, ఒక ముసలి దంపతులు, వాడకంలో ఉన్నారు. అద్దెకిచ్చేటప్పుడు ముసలమ్మకి విడిగా వెయ్యి రూపాయలు కలుపుకోవచ్చు.

నవ్వారు కదా. నేనూ ఇంతవరకూ నవ్వుతూనే రాశాను.

ఇలాంటి వేలం ప్రకటనల్లో ఒక ఇంటి ఫోటో చూశాను. ఏ బ్యాంకో, ఎవరిదో చెప్పను. రోడ్డు మీద నిలబడి ఎవరో గబగబా తీసిన ఫోటో. గేటు సగం తెరిచి ఉంది. డాబా మీద తీగెకి చీర, పక్కన స్కూలు యూనిఫారం చొక్కా. గేటు ముందు ముగ్గు, పొద్దున వేసిందే, ఒక మూల సైకిలు చక్రం తొక్కిన గీత. కింద వివరాలు: రిజర్వు ధర, పదో వంతు ధరావతు, స్వాధీనం అన్నచోట ‘సింబాలిక్’. అంటే కాగితం మీద ఇల్లు బ్యాంకు స్వాధీనమైపోయింది, లోపల మనుషులు ఇంకా అన్నం వండుకుంటున్నారు. ఆ ముగ్గు వేసినావిడకి తన గుమ్మం ఊరూరా ఫోన్లలో తిరుగుతోందన్న సంగతి తెలుసా?

అప్పు తీసుకున్నవాడు కట్టాలి. బ్యాంకులో ఉన్నది సర్కారు తాతల సొమ్ము కాదు, మీదీ నాదీ. ఇల్లు తాకట్టు పెట్టినవాడు దాని మీద ఆశ వదులుకునే సంతకం పెట్టాడు. వేలం వెయ్యొద్దని నేననను. కొన్నవాడు దొంగ అని కూడా అనను. పోటీ పెరిగి మంచి ధర పలికితే, బాకీ పోగా మిగిలింది ఇంటాయనకే రావాలి. కానీ ఇన్ని కోట్ల మంది ఉండే దేశంలో, ఇంత హంగుతో, ఇంత సాంకేతికతతో కట్టిన ఈ దారి ఒకే ఒక్క మనిషి కోసం కట్టారు. కొనేవాడి కోసం. అతనికి పేరు నమోదు, డబ్బు చెల్లింపు, గుర్తింపు తనిఖీ అన్నీ కూర్చున్న చోటే. అతనికి సందేహమొస్తే కాల్ సెంటరు. ఫోన్ చెయ్యమని అడిగితే వాళ్లే తిరిగి చేస్తారు. దిండుకి ఆనుకుని హైదరాబాదు నుంచి గతౌరా ఇల్లు పాడుకోవచ్చు.

ఆ ఇంట్లో ఉన్నవాడికి? బ్యాంకు లెక్క తప్పు వేసిందనుకోండి, నోటీసే సరిగ్గా ఇవ్వలేదనుకోండి. 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. ఛత్తీస్‌గఢ్ మొత్తానికి అది జబల్‌పూర్‌లో ఉంది, వేరే రాష్ట్రంలో. గతౌరా నుంచి బిలాస్‌పూర్, బిలాస్‌పూర్ నుంచి కట్నీ, కట్నీ నుంచి జబల్‌పూర్, దగ్గర దగ్గర 400 కిలోమీటర్లు. హైకోర్టు మా బిలాస్‌పూర్‌లోనే, బోద్రీలో, ఆటోలో వెళ్లేంత దూరంలో ఉంది. వెళితే, ట్రిబ్యునల్ ఉండగా ఇక్కడికెందుకొచ్చావంటారు. 2010లోనే సుప్రీంకోర్టు హైకోర్టులకి ఆ హద్దు గీసింది. పోనీ ఆ ఫోటో కింద, రిజర్వు ధర పక్కన, హిందీలోనో తెలుగులోనో ఒక్క వరుస వేస్తే? ఈ ఇల్లు మీదైతే ఇన్ని రోజుల్లో ఫలానా చోటికి వెళ్లండి, ఉచితంగా వకీలు కావాలంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని. టేపు పట్టుకొచ్చినవాడికి తిరిగి ఫోన్ చేసేవాళ్లు, ఇల్లు పోయేవాడికి ఒక్క ఫోన్ చెయ్యలేరా?

జబల్‌పూర్‌లో ఓడితే అప్పీలు అలహాబాదులో. పూర్వం మొదటి మెట్టు మీదే బాకీలో 75 శాతం కడితే గానీ మొర వినేవాళ్లు కాదు. అది అన్యాయమని 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పీలు మెట్టు మీద మాత్రం ఈనాటికీ బాకీలో సగం ముందు కట్టాలి. అప్పు కట్టలేదని ఇల్లు లాక్కున్నారు, లాక్కున్నది తప్పని చెప్పుకోవాలంటే సగం అప్పు కట్టమంటారు! దయ తలిస్తే సగాన్ని పావు దాకా తగ్గించే అధికారం అప్పీలు ట్రిబ్యునల్‌కి ఉందిట. పావు ఉంటే ఆ గార్డు మందుల షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇమ్మని ఎందుకు అడుగుతాడయ్యా?