తేన్పు పరీక్షలో అందరూ పాసే

గుండెల్లో మంట రోజూ వేధిస్తున్నా ఎండోస్కోపీలో పుండు కనిపించకపోవడం వింత కాదు. రిఫ్లక్స్ బాధితుల్లో సగానికి పైగా ఈ కోవలోవాళ్లే. డాక్టరు చీటీలో అది ‘నార్మల్’, ఇంట్లోవాళ్ల దృష్టిలో అనుమానపు జబ్బు. ఇప్పుడు రీల్స్ పండితులు మూడో తీర్పు ఇచ్చారు: కడుపులో యాసిడ్ ఎక్కువై కాదు, తక్కువై మంట. విరుగుడు, పరగడుపున యాపిల్ సిడర్ వెనిగర్.

నిర్ధారణ పరీక్ష మరీ ఘనం. పావు చెంచా వంటసోడా నీళ్లలో కలుపుకుని తాగి, గడియారం ముందు కూర్చోవాలి. అయిదు నిమిషాల్లోపు తేన్పు వస్తే యాసిడ్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

సోడా ఆమ్లంతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టే మాట నిజమే. పుట్టిన వాయువు ఎప్పుడు పైకొస్తుందో తేల్చేది మాత్రం యాసిడ్ ఒక్కటే కాదు. నీళ్లతోపాటు ఎంత గాలి మింగారు, కడుపులో అప్పటికే ఏముంది, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. నలుగురిలో తేన్పు ఆపుకునే మర్యాదస్తుడికి ఈ శాస్త్రం ప్రకారం జన్మలో యాసిడ్ ఊరదు.

ఫలితాల పట్టిక ఇంకా ముచ్చటైనది. తేన్పు రాలేదా, వెనిగర్ కొనాలి. ఆలస్యంగా వచ్చిందా, అప్పుడూ కొనాలి. వెంటనే, వరసగా వచ్చాయా, అది ‘అసమతుల్యత’ కనుక తప్పకుండా కొనాలి. సీసా లింకు వీడియో కిందే ఉంటుంది.

ఆ సీసాలో ఉన్నది దాదాపు 5 శాతం ఎసిటిక్ ఆమ్లం. తాగుతున్నది ఎవరు? అన్నవాహిక లోపొరలో కణాల మధ్య సందులు కెమెరాకు అందనంత సూక్ష్మంగా విచ్చుకుని, కాస్త ఆమ్లం తగిలినా నరాలు భగ్గుమనే మనిషి. అతనితో ఆమ్లమే తాగించి, మండిందంటే ‘పనిచేస్తోంది, ఓర్చుకోండి’ అనడం వైద్యం కాదు, దుర్మార్గం. యాసిడ్ నిజంగా తగ్గిపోయే జబ్బులు ఉన్నాయి. జీర్ణాశయపు పొర క్షీణించడం అందులో ఒకటి. దాన్ని బయాప్సీ, రక్తపరీక్షలతో తేలుస్తారు.



అసలు చిక్కు యాసిడ్ మోతాదులో కాదు, అది చేరిన చోటులో ఉంది. అన్నవాహిక కింది కండర వలయం మింగనప్పుడూ ఊరికే సడలడంతో ఆమ్లం ఎగదన్నుతుంది. ముక్కులోంచి సన్నని గొట్టం వేసి 24 గంటలు కొలిస్తే, అందులో 6 శాతానికి మించిన సమయం ఆమ్లం తగిలితే రిఫ్లక్స్ ఖాయమని 2018 నాటి నిపుణుల లియాన్ ఒప్పందం. 4 శాతం లోపుంటే మామూలే. కొలత మామూలుగా ఉన్నా, ఆమ్లం ఎగదన్నినప్పుడల్లా మంట వస్తే అది అతిసున్నితత్వం. రెంటికీ పొంతనే లేకపోతే ఫంక్షనల్ హార్ట్‌బర్న్. ఈ రెండింటినీ 2016 రోమ్ ప్రమాణాలు విడదీశాయి. వీటిలో నరాల సున్నితత్వాన్ని తగ్గించే మందులు, డిప్రెషన్‌కు వాడేవే, తక్కువ మోతాదులో ఇస్తారు. ఆ మందులు రాస్తే ‘నాకు పిచ్చా?’ అని అలిగేవాళ్లే, వీడియో చెప్పిందని వెనిగర్ గుటకేస్తారు.

ఆమ్లం ఎగదన్నేవారికి పాంటాప్రజోల్ వంటి బిళ్లలు తిండికి అరగంట, గంట ముందు వేసుకుంటేనే పూర్తిగా పనిచేస్తాయి. భోంచేశాక గుర్తొచ్చి వేసుకుంటే సగం వృథా. రాత్రి భోజనానికి, పడకకు మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం తలవైపు ఎత్తాలి, ఎడమవైపు తిరిగి పడుకోవాలి, పొట్ట తగ్గించాలి. ఇవేవీ సీసాలో పట్టవు కనుక వీటికి రీల్స్ లేవు. మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా డాక్టరు దగ్గరకే. చెమటలతో ఛాతీ నొక్కేసినట్టుంటే గ్యాసని సర్దుకోకుండా ముందు ఈసీజీ తీయించాలి.