కొండెక్కిన సైకిలు

అండమాన్ వెళ్లొచ్చినవాళ్లు ఒకప్పుడు సెల్యులార్ జైలు ముచ్చట్లు చెప్పేవారు. ఇప్పుడు మౌంట్ హారియట్ మీదికి గేర్ల సైకిల్ తొక్కిన వీరగాథలు వినిపిస్తున్నారు. అదీ ఎలాగంటే, దారి పొడవునా ప్రకృతి అందాలు చూస్తూ తొక్కారట!

ఎత్తు ఎక్కేవాడికి ఏం కనిపిస్తుందో తొక్కినవాడిని అడగండి. ముందు చక్రం, దాని ముందు రెండు గజాల రోడ్డు, ముక్కు కొస నుంచి హ్యాండిల్ మీదికి జారే చెమట చుక్క. తలెత్తితే సైకిల్ పక్కకు ఒరుగుతుంది. ఎత్తినా లాభం లేదు, రెండు పక్కలా దట్టమైన అడవి, సముద్రమేమో వీపు వెనక. వానాకాలమైతే ఆగినచోటల్లా జలగలు పలకరిస్తాయి.

అందుకే ఫొటోలన్నీ మలుపుల దగ్గర పుడతాయి. సైకిల్‌ని చెట్టుకు ఆనించి, ఆయాసం తీరాక మొహం తుడుచుకుని, హెల్మెట్ సర్దుకుని, పక్కవాడికి ఫోనిచ్చి, నాలుగు గజాలు వెనక్కి వెళ్లి చిరునవ్వుతో తొక్కుకుంటూ వస్తారు. తోసుకుంటూ ఎక్కిన దారి ఏ ఫొటోలోనూ ఉండదు. ఇంకా తెలివైనవాళ్లు కొండ కింద పడవ దిగే బాంబూ ఫ్లాట్‌లోనే సైకిల్‌ని జీపెక్కిస్తారు. శిఖరం మీది బోర్డు పక్కన నిలబెట్టిన సైకిల్ పైకెలా వచ్చిందో బోర్డు చెప్పదు కదా.

ఇంతా చేస్తే కొండ ఎత్తు 383 మీటర్లు. పాపం, పడవ దిగి సముద్రమట్టం నుంచే మొదలుపెడతారు కనుక తొక్కినంత మేర కష్టార్జితమే, కాదనను. కానీ అలిపిరి నుంచి 3,550 మెట్లకూ వంగి వంగి పసుపు కుంకుమలు పెడుతూ చెప్పుల్లేకుండా ఎక్కే మన అమ్మలు తిరుమలను జయించామని ఏనాడైనా అన్నారా?

ఈ కొండ మీద అందం చూసి మురిసినవాళ్లలో వీళ్లు మొదటివాళ్లేం కాదు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఇక్కడ సూర్యాస్తమయం చూశాడు. చీకటి పడ్డాక దిగి, హోప్‌టౌన్ రేవులో పడవెక్కబోతుంటే షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ పొడిచి చంపాడు. షేర్ అలీని ఎవరూ సీనరీ చూపించడానికి తీసుకురాలేదు. 1891లో బ్రిటిష్‌వాళ్లతో యుద్ధంలో ఓడిన మణిపూర్ రాజు కులచంద్రనూ అంతే, శిక్ష వేసి పంపారు. ఆయన గుర్తుగా, ఆయనతో వచ్చినవాళ్ల గుర్తుగా 2021లో ఈ కొండ మౌంట్ మణిపూర్ అయింది. మన సైకిల్ వీరుల పోస్టుల్లో ఆ రాజు పేరు వెతికినా దొరకదు. టైర్ల కంపెనీ పేరు మాత్రం తప్పకుండా ఉంటుంది.

తొక్కండి బాబూ, ఒంటికి మంచిదే. తోసుకుంటూ ఎక్కినా సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఎక్కేటప్పుడు అందాలు చూశామని మాత్రం కోతలు కోయకండి. అందమే కావాలంటే పాత ఎర్ర 20 రూపాయల నోటు తిప్పి చూడండి. కొబ్బరిచెట్లు, సముద్రం, దూరాన లైట్‌హౌస్‌. ఈ కొండ మీంచి కనిపించే దృశ్యాన్నే రిజర్వ్ బ్యాంకు దాని వెనక అచ్చేసింది.