ఒత్తు లేని నెల్లూరు

(మైపాడు దగ్గర రొయ్యల గుంట గట్టు. సాయంత్రం. ఏరేటర్ల హోరులో పక్కనే ఉన్న సముద్రం కూడా వినబడదు. పాత్రలు ఇద్దరే. రొయ్యల మామ ప్రతి పంటకీ ‘ఇదే ఆఖరు’ అని ఒట్టేసి మళ్ళీ సీడు తెస్తాడు. కోడు అల్లుడు ప్రతి కాంట్రాక్టుకీ అదే ఒట్టు వేస్తాడు. ఎవరు తెలివైనవాడో రాసేవాణ్ణి అడక్కండి.)

మామ: ఏంది అబయా, పొద్దుగూకినా ఆ పెట్టె మూయవు? కాంట్రాక్టు పనా?

అల్లుడు: అది పగలు మామా. ఇది నా పని.

మామ: దీనికెంత ఇస్తారు?

అల్లుడు: ఏమీ ఇవ్వరు. బొమ్మలేసే సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఊరికే దింపుకోవచ్చు, లోపలి కోడు కూడా తెరిచి చూసుకోవచ్చు.

మామ: అంటే ఆ గుంటలో వచ్చిందంతా తెచ్చి ఈ గుంటలో మేతగా చల్లతుండావు. పట్టుబడి ఎప్పుడు?

అల్లుడు: పట్టుబడి ఉండదు. వెర్షన్ ఉంటుంది.

మామ: ఎన్ని నెల్లకి?

అల్లుడు: చెప్పలేం. గింప్ అని ఒకటుంది. 1995లో బర్క్‌లీలో చదువుకునే కుర్రాళ్ళిద్దరు మొదలుపెట్టారు. దాని 2.10 వచ్చింది 2018లో. 3.0 వచ్చేసరికి 2025 మార్చి.

మామ: ఏడేళ్ళా! ఏడాదికి రెండేసుకున్నా పద్నాలుగు పంటలు తీసుంటా.

అల్లుడు: తీశావు. ఎన్నిట్లో మిగిలింది?

(మామ చెక్ ట్రే పైకి లాగి రొయ్యల పేగు పరీక్షగా చూస్తాడు. జవాబు అక్కడ లేదు.)

మామ: సరేలే. ఆ కాంట్రాక్టోళ్ళన్నా బిన్నే ఇస్తారా?

అల్లుడు: బిల్లు పంపిన 60 రోజులకి. అదీ ‘ఈ నీలం ఇంకొంచెం నీలంగా ఉండాలి’ అని రెండుసార్లు తిప్పికొట్టాక.

మామ: మా ఏజెంటే నయం. కౌంటు చూసి కోతేస్తాడు గానీ రంగు జోలికి రాడు. మనిద్దరికీ కూడెట్టేది అమెరికావోడే గదా, 2025 ఆగస్టులో సుంకం 50 శాతానికి ఎక్కించినాడు.

అల్లుడు: నాకు సుంకం లేదు మామా. ‘ఈసారి బడ్జెట్ లేదు’ అని ఒక్క మెయిలు, అంతే.

మామ: ఇట్టా ఊరికే చేసేవోళ్ళు లోకంలో యాడన్నా బతికి బట్టకట్టినారా?

అల్లుడు: బ్లెండర్ ఉంది. దాన్ని నడిపే కంపెనీ మూతపడితే టోన్ రూసెండాల్ అనే ఆయన 2002లో చందాలెత్తాడు. ఏడు వారాల్లో లక్ష యూరోలు. ఆ డబ్బు కట్టి కోడుని విడిపించి అందరికీ వదిలేశాడు. దాంతోనే తీసిన ‘ఫ్లో’ అనే పిల్లి సినిమాకి 2025లో ఆస్కార్ కూడా వచ్చింది.

మామ: తాకట్టులో ఉన్న గుంట విడిపించి, ఊరంతా వలలేసుకోండి అన్నాడన్నమాట. పిచ్చి మారాజు.

అల్లుడు: క్రీటా అని ఇంకోటుంది.

మామ: కృతయుగం నాటిదా?

అల్లుడు: నెదర్లాండ్స్‌లో ఫౌండేషన్. 2017లో పన్ను అధికారులతో లెక్క తేడా వచ్చి 24,000 యూరోలు బాకీ తేలింది. వాడేవాళ్ళు చందాలు కురిపించి గట్టెక్కించారు.

మామ: (మొదటిసారి గౌరవంగా) పన్నోళ్ళు వచ్చినారా! అయితే అది నిజమైన పనే. ఈ ముక్క మీ అత్తతో చెప్పు.

(అత్త కూతురి సంబంధం ఈ ముక్క మీదే ఆగి ఉంది.)

మామ: ఇంతకీ నీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో నువ్వు చేసేదేంది?

అల్లుడు: ఒత్తులు.

మామ: దీపారాధనకా?

అల్లుడు: తెలుగు ఒత్తులు మామా. కొన్ని సాఫ్ట్‌వేర్లలో నెల్లూరు అని కొడితే లకారం కింద లకారం చేరదు. ‘నెల్‌లూరు’ అని పడుతుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఊరికే ఇచ్చారు. సూరన్న, ధూర్జటి, తిమ్మన కూడా ఉచితమే. కవులంతా వచ్చి కూర్చున్నారు. పీటలు సరిగ్గా వేసే పని సాఫ్ట్‌వేర్‌ది.

మామ: మన వీధి మొగదాల పుట్టినరోజు ఫ్లెక్సీలో ‘శుభాకాంక్‌షలు’ అని పడింది అందుకా! నేనేందో కొత్త పార్టీ నినాదమనుకుంటి.

అల్లుడు: అది సరిచేయడానికి మూడు నెలల రాత్రులు పట్టాయి. మర్నాడే ఒకడు రాశాడు, ‘మెనూ రంగు బాలేదు’ అని.

మామ: ఊరికే తినేవోడికే ఉప్పు తక్కువయ్యేది. ఒక మాట ఇను. ఈసారి బారాషహీద్ దర్గా రొట్టెల పండగకి రా. స్వర్ణాల చెరువులో దిగి ఉద్యోగం రొట్టె పట్టుకో.

అల్లుడు: పట్టుకుంటే?

మామ: కోరిక తీరినాక మళ్ళీ వచ్చి, నీ చేత్తో ఇంకోడికి రొట్టె ఇయ్యాల.

అల్లుడు: ఇయ్యకపోతే?

మామ: రాసుకునేవోడు ఎవుడూ లేడు. అయినా తెస్తారు, ఏటేటా.

అల్లుడు: మా జీపీఎల్ లైసెన్సు దానికి దగ్గరి చుట్టమే. తీసుకుని, మార్చి, ఇంకొకరికి పంచితే ఆ మార్పులూ అందరికీ తెరిచే పంచాలి.

మామ: బాగుండాది. మన మేత కొట్టు బోర్డు కూడా నీ సాఫ్ట్‌వేర్‌తోనే వేయించినా. నెల్లూరు ముత్యంలా పడిందనుకో.

అల్లుడు: నువ్వా? ఎప్పట్నించి?

మామ: మూడేళ్ళుగా. బోర్డులు, చీటీలు, అన్నీ.

అల్లుడు: మరి నీ రొట్టె ఏదీ మామా?

మామ: రేయ్, ఆ మూల ఏరేటర్ ఆగినట్టుండాది, చూసొస్తా.

అల్లుడు: తిరుగుతూనే ఉంది.

మామ: (అప్పటికే నాలుగడుగులు వేసి) ఏందీ? ఈ హోరులో ఒక్క ముక్క వినపడ్డంలా!